కడాంగ్-కడాంగ్: వైరస్ కోసం వెతికితే దొరికింది వేరొకటి

ఫిలిప్పీన్స్‌లో బికోల్ ప్రాంతపు శాన్ మిగెల్ దీవి. 1930ల మొదట్లో అక్కడి ఒక్క తోటలోనే సుమారు 2,50,000 కొబ్బరి చెట్లుండేవి. 1962 నాటికి ఓ వంద మిగిలాయి. ఆ తెగులు పేరు కడాంగ్-కడాంగ్. స్థానిక భాషలో చావును చెప్పే మాట నుంచే వచ్చింది.

చంపడంలో దీనికి తొందరేం లేదు. ముందు తేడా కాయలో కనిపిస్తుంది: చిన్నదై, గుండ్రబడి, నడుం చుట్టూ గీరినట్టు చారలు పడతాయి. ఆకుల మీద పసుపు చుక్కలొస్తాయి. ఇలా రెండు నుంచి నాలుగేళ్లు. తర్వాత పూగుత్తులు కురచబడి, మరో రెండేళ్లకు కాపు ఆగిపోతుంది. ఆ పైన ఐదేళ్లలో మట్టలు తగ్గి, మొవ్వు చిక్కి, చెట్టు చచ్చిపోతుంది. లక్షణం కనిపించాక మొత్తం 8 నుంచి 16 ఏళ్లు. పదేళ్ల లోపు చెట్లలో అరుదు. జబ్బు చెట్లను నరికేసినా తెగులు ఆగకపోవడానికి కారణం ఈ నిదానమే. గొడ్డలి పడేసరికి పైకి బాగున్న చెట్లలోనూ అది చేరి ఉంటుంది.

కారణం కోసం దశాబ్దాలు వెతికారు. నేలలో లోపమన్నారు, అరుదైన ఖనిజ మూలకాల విషమన్నారు. వైరస్ అన్నవాళ్లకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో దాని రేణువు దొరకలేదు. 1975లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ రాండిల్స్ రేణువును వదిలేసి, ఆకు రసంలోని ఆర్ఎన్ఏను (జన్యు సమాచారం మోసే అణువును) జెల్ పొరలో విద్యుత్తుతో నడిపి, పరిమాణం వారీగా విడదీశారు. ఆరోగ్యంగా ఉన్న చెట్టులో లేని చిన్న ఆర్ఎన్ఏ పట్టీలు జబ్బు చెట్టులో కనిపించాయి. అది వైరాయిడ్, అంటే ఒట్టి ఆర్ఎన్ఏ ముక్కగానే ఉండి తెగులు తెచ్చేది. ప్రోటీన్ తొడుగే లేదు, మైక్రోస్కోపుకు రేణువు ఎక్కడ దొరుకుతుంది? 1982లో అడిలైడ్‌లో దాని క్రమం చదివారు: 246 న్యూక్లియోటైడ్ల (ఆర్ఎన్ఏ గొలుసులోని లంకెల) వలయం. కోవిడ్ వైరస్‌కు దాదాపు 30,000 ఉంటాయి.

వ్యాప్తి గుట్టు మాత్రం పూర్తిగా విడలేదు. పుప్పొడి, విత్తనకాయ ద్వారా కొద్దిగా వెళ్తుంది. కత్తుల మీదా అనుమానం ఉంది. మోసే పురుగేదీ రుజువు కాలేదు. మందు లేదు. చచ్చిన చోట కొత్త మొక్క నాటడమే రైతుకు మిగిలిన దారి, ఆ మొక్కకూ మళ్లీ సోకవచ్చు.

ఈ వైరాయిడ్ ఆయిల్ పామ్‌కూ పడుతుంది. దీని రకాలను ఆకులపై నారింజ మచ్చలున్న ఆయిల్ పామ్ చెట్లలో గుర్తించారు. ఏలూరు, ఖమ్మం వైపు తోటలు వేస్తున్నవాళ్లు విదేశీ విత్తనానికి క్వారంటైన్ పరీక్ష ఎందుకని అడిగితే, ఒక కారణం ఇది: మొలకను చూసి ఈ తెగులును పట్టలేం.