నాయనమ్మ చెయ్యి పట్టి లాగకండి

పర్లాకిమిడి

చిరంజీవులకు,

నాయనమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసింది. దసరా సెలవులకు మీరొచ్చేలోగా, ఇక్కడ రోజూ వినబడే మాటలు మీకు తెలిసుండాలని రాస్తున్నాను.

ఆమెకు వచ్చింది పక్షవాతం. డాక్టర్లు స్ట్రోక్ అంటారు. మెదడులో ఎడమవైపు రక్తనాళం ఒకటి మూసుకుపోయింది. కుడి చెయ్యీ కుడి కాలూ నడిపేది ఆ ఎడమవైపే. చాలామందికి మాట కూడా అక్కడిదే. మనం చెప్పేవన్నీ ఆమెకు అర్థమవుతున్నాయి, అందుకని చెవి దగ్గర అరవకండి. మాట కోసం వెతుక్కుంటుంటే కాసేపు ఆగండి.

పొద్దున్నే ఫిజియోథెరపిస్టు వస్తారు. ఒడియా ఆయనే అయినా మన తెలుగు చక్కగా మాట్లాడతారు. కండరాల బలాన్ని 0 నుంచి 5 దాకా లెక్కేస్తారు. 0 అంటే కదలికే లేదు. 1 అంటే కండరం కాస్త బిగుస్తుంది, కీలు కదలదు. 2 అంటే పక్క మీద అటూ ఇటూ జరుపుతుంది గానీ పైకెత్తలేదు. ఎత్తగలిగితే 3. పైనుంచి నొక్కినా కొంత నిలబెడితే 4. 5 మామూలు బలం. నాయనమ్మ కాలు ఇప్పుడు 3, చెయ్యి 2. మొన్న మీ నాన్నతో ఫోన్లో 'చెయ్యి రెండుకొచ్చింది' అని అంత సంబరంగా చెప్పింది అందుకే!

చెయ్యీ కాలూ ఫిజియోథెరపిస్టు కదిపితే ప్యాసివ్, నాయనమ్మ తనంతట తను కదిపితే యాక్టివ్. కదపకుండా వదిలేస్తే కండరాలు కుదించుకుపోయి కీలు వంగిన చోటే ఉండిపోతుంది. అది కాంట్రాక్చర్. కొన్ని వారాలకు చెయ్యి బిర్రబిగుసుకోవచ్చు, దాన్ని స్పాస్టిసిటీ అంటారు. బలం వచ్చిందని మురిసిపోయేది కాదు.

అన్నిటికంటే ముఖ్యం భుజం. ఆ కీలును పట్టి ఉంచేది చాలావరకు కండరాలే. అవి వదులైనప్పుడు ప్రేమకొద్దీ చెయ్యి పట్టి లేపితే, భుజం గూటిలోంచి జారిపోవచ్చు. లేవడానికి సాయం కావాలంటే, బాగున్న ఆమె ఎడమ చేతికి మీ చెయ్యి అందించండి.

పక్కింటివాళ్లు పావురం రక్తం పూయమంటున్నారు. వాళ్లది అభిమానమే, కానీ చర్మం మీది పూత మెదడుకు చేరదు. ఒకే కదలికను రోజూ పదేపదే చేయిస్తే, మెదడులో మిగిలిన భాగాలు ఆ పని నేర్చుకుంటాయి. అందుకే కంచం, గ్లాసు మీరు ముందే అందించేయకండి. తనను ప్రయత్నించనివ్వండి.

ఇంకొకటి. ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు పోయకండి. ఏ టైముకు మొదలైందో చూసి డాక్టరుకు చెప్పండి. రక్తనాళంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా అప్పటి నుంచి 4.5 గంటల లోపే ఇవ్వాలి.

ఆశీస్సులతో,
తాతయ్య