వాసన వచ్చింది, వంట ఇంకా చూడలేదు: వేరే గ్రహాల గాలి గురించి అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి బస్టాండు దగ్గర టీ కొట్టు బాబాయి అడిగిన ప్రశ్న వల్ల ఇది రాస్తున్నాను. "ఏటి బాబూ, మీవోళ్ళు మొన్న ఏదో గ్రహం మీద జీవం ఉందన్నారు, ఇప్పుడు లేదంతన్నారు. రేపు తుపానొస్తాదని సెప్తే నమ్మాలా, మానాలా?"

దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల వాతావరణం నా పని. సెలవులకి ఊరొస్తే ఇలాంటి ప్రశ్నలు మామూలే. గుణుపురంలో పిన్ని అడుగుతుంది, రాయగడలో మా బావ కూతురు అడుగుతుంది, నవ్వేసి ఏదో చెప్తాను. ఈసారి నవ్వు రాలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. అలాంటి చోట "సైంటిస్టులు రోజుకో మాట చెప్తారు" అన్న అభిప్రాయం పాతుకుపోతే ఏమవుతుందో నేను వివరించక్కర్లేదు. అందుకే ముందు దీని సంగతి చూస్తాను. మిగతావి చివర్లో గబగబా.

అపోహ: జీవం కనిపెట్టారు, తరవాత మాట మార్చారు.

వాస్తవం: జీవం కనిపెట్టామని ఆ పని చేసినవాళ్ళు అననేలేదు. మాట మార్చింది హెడ్డింగులు.

గొడవంతా కె2-18బి అనే గ్రహం గురించి. సింహరాశి వైపు 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. భూమికి సుమారు 2.6 రెట్ల వెడల్పు, 8 రెట్ల పైన బరువు. ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రాన్ని 33 రోజులకోసారి చుట్టేస్తుంది. దాన్ని మేం నేరుగా చూడం. అది తన నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు, గ్రహం అంచున ఉన్న సన్నటి గాలి పొరలోంచి కొంత వెలుగు వడకట్టుకుని వస్తుంది. ఒక్కో వాయువు ఒక్కో రంగుని తినేస్తుంది. ఏ రంగు ఎంత తగ్గిందో కొలుస్తాం, అంతే. ఆ తగ్గుదల మొత్తం వెలుగులో పదివేలలో ఒకటీ అరా వంతు. అంత సన్నటి లెక్క.

2019లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు కొలతలు చూసి నీటి ఆవిరి అన్నారు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో చూస్తే మీథేన్, కార్బన్ డయాక్సైడ్ బాగా కనిపించాయి. ముందు నీరనుకున్న ఆ గుర్తు చాలావరకు మీథేన్‌దేనని తేలింది. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జిలోని నిక్కు మధుసూదన్ బృందం డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దాని చుట్టం లాంటి మరో వాయువు గానీ ఉన్నట్టుందని చెప్పింది. మన భూమి మీద ఈ డైమిథైల్ సల్ఫైడ్‌ని ఎక్కువగా తయారుచేసేవి సముద్రంలోని సూక్ష్మజీవులు. గోపాల్‌పూర్ ఒడ్డున నిలబడితే వచ్చే ఆ సముద్రపు వాసనలో దీని వాటా ఉంది. టీవీలకి ఇంకేం కావాలి!

ఆ బృందం చెప్పిన నమ్మకం మూడు సిగ్మా. అంటే కేవలం కొలతల్లోని గందరగోళం వల్లే అలాంటి గుర్తు కనిపించే అవకాశం వెయ్యిలో 3. వినడానికి గట్టిగానే ఉంటుంది. కానీ మా రంగంలో ‘కనుక్కున్నాం’ అనాలంటే ఐదు సిగ్మా కావాలి, అంటే సుమారు 17 లక్షల్లో 1. ఇంకో 16 నుంచి 24 గంటలు టెలిస్కోపుతో చూస్తే ఆ మెట్టు అందొచ్చని వాళ్ళే చెప్పారు. ఈలోగా వేరే బృందాలు అవే కొలతలు తీసుకుని మళ్ళీ లెక్కలు వేశాయి. ఆ ఎగుడుదిగుళ్ళకి వేరే వాయువులు కూడా సరిపోతున్నాయన్నాయి, అసలు అక్కడ గుర్తే లేదేమో అన్నాయి. దీన్ని మాట మార్చడం అనరు. ఒకరి లెక్కని ఇంకొకరు దిద్దడం అంటారు.

ఇంకో చిక్కుంది. వాయువు నిజంగా ఉందనే అనుకుందాం. పక్కింట్లోంచి ఇంగువ వాసన వస్తే పోపు వేశారనుకుంటాం. ఇంగువ డబ్బా కింద పడి ఉండొచ్చు కదా! ఈ డైమిథైల్ సల్ఫైడ్ జాడ 67పి అనే తోకచుక్క దగ్గర కూడా దొరికింది. అక్కడ నాచు లేదు, చేపలు లేవు.

ఓపిక పట్టడం మాకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చి గుంటూరులో, వెలుగుని రంగులుగా విడదీసే వర్ణపటం పరికరం పెట్టుకు కూర్చున్నాడు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీత ఎవరిదని ఎంత వాదించుకున్నారో! అది హీలియం అనే కొత్త వాయువుదని అనుమానించారు గానీ, ఆ వాయువు భూమి మీద చేతికి దొరికింది 1895లో. ఇరవయ్యేడేళ్ళు.

నేనూ ఒకసారి బోల్తాపడ్డాను. పరిశోధనలో చేరిన రెండో ఏడాది ఒక గ్రహం కొలతల్లో నీటి ఆవిరి కనిపించింది. ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేశాను. మా నాన్న రిటైరైన మాస్టారు, ఊరుకుంటారా! తెల్లారేసరికి వీధంతా లడ్డూలు పంచేశారు. మూడు వారాలకి తెలిసింది, ఆ నీరు గ్రహానిది కాదు, నక్షత్రం మీది మచ్చలది. చల్లటి నక్షత్రాల మచ్చల్లో నీటి ఆవిరి ఉంటుంది. ఆమాటకొస్తే మన సూర్యుడి మచ్చల్లోనూ దాని జాడ ఉంది. ఇప్పటికీ వీధిలో ఎదురైతే "నీళ్ళు దొరికాయా బాబూ?" అంటారు.

అపోహ: ‘నివాసయోగ్య మండలం’లో ఉందంటే మనం వెళ్ళి ఉండొచ్చు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, మాటల దగ్గర కాస్త పట్టింపు ఎక్కువ. నివాసయోగ్యం అనగానే పట్టా చేతికొచ్చినట్టు వినిపిస్తుంది. ఆ మాటకి అర్థం ఒక్కటే: నక్షత్రం నుంచి ఆ దూరంలో, గాలి అనుకూలంగా ఉంటే, నీరు ద్రవంగా నిలవొచ్చు. ‘ఉంటే’ దగ్గరే ఉంది కథంతా. మన శుక్రుడు ఆ మండలం లోపలి అంచుకి దగ్గర్లోనే ఉన్నాడు, కానీ నేల మీద వేడి 460 డిగ్రీల పైమాటే. ట్రాపిస్ట్-1 అనే నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలున్నాయని 2017లో పండగ చేసుకున్నాం. వెబ్‌తో చూస్తే అన్నిటికన్నా లోపలి గ్రహానికి చెప్పుకోదగ్గ గాలి ఉన్నట్టే కనిపించలేదు.

అపోహ: భూమి పనైపోయింది, అందుకే రహస్యంగా వేరే గ్రహం వెతుకుతున్నారు.

ఇది అడిగింది మా పిన్ని, కళ్ళలో నీళ్ళతో. ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో చూసి రెండు రాత్రులు నిద్రపోలేదట, మనవల గురించి బెంగ. పిన్నీ, అందులో ఒక్క ముక్క నిజం లేదు. 1977లో బయల్దేరిన వాయేజర్-1 అంతరిక్ష నౌక సెకనుకి 17 కిలోమీటర్లు పోతోంది. ఆ వేగంతో కె2-18బి చేరాలంటే సుమారు 22 లక్షల ఏళ్ళు. పారిపోవడానికి దారి వెతికేవాడెవడూ ఇలాంటి చోటు ఎంచుకోడు. ఆ వీడియోలు చేసేవాళ్ళకి మాత్రం నా దగ్గర ఓపిక లేదు.

మిగతావి: పత్రికల్లో వచ్చే ఆ నీలం గ్రహాల బొమ్మలు ఫొటోలు కావు, చిత్రకారులు ఊహించి వేసినవి. మేం రాత్రంతా టెలిస్కోపులో కన్నుపెట్టి కూర్చోం, వెబ్ ఉన్నది 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, మా ముందుండేది కంప్యూటరు.

ఇంగువ డబ్బా కథ బాబాయికీ చెప్పాను. టీ వడకడుతూ విన్నాడు. "మరైతే ఆ మిగతా గంటలు సూసీరాదేటి?" అన్నాడు. గ్రహం అడ్డొచ్చేది 33 రోజులకోసారని, ఆ సమయానికి టెలిస్కోపు అటు తిరగగలిగే రోజులు ఏడాదిలో కొన్నేనని, పైగా ఉన్న గంటలకి ఎన్నో రెట్లు దరఖాస్తులు పడతాయని చెప్పాను.

"మా వీధి కుళాయిలాగన్నమాట" అన్నాడు బాబాయి, గ్లాసు అందిస్తూ.