తేనె పట్టీ, మొద్దుబారిన పాదం

తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే కాబట్టి, మధుమేహం వల్ల మానని పుండుకు దానినే పూయడం తొలిచూపులో వింతగా కనిపిస్తుంది. కానీ సూక్ష్మక్రిములను అణచే గుణానికి మూలం కొంతవరకు ఆ చక్కెరే. తేనెలో నీరు సాధారణంగా 20 శాతం లోపే ఉంటుంది గనుక అది తనను తాకిన బాక్టీరియాలోని తేమను లాగేస్తుంది. దాని ఆమ్లగుణం కూడా వాటికి గిట్టదు.

అసలు చిత్రం పుండులోని రసి తగిలినప్పుడు మొదలవుతుంది. తేనెటీగ తన తలలోని గ్రంథుల నుంచి మకరందంలో కలిపే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము చిక్కటి తేనెలో దాదాపు నిద్రాణంగా ఉండి, తేనె పలచబడగానే పనిలోకి దిగి, గ్లూకోజును గ్లూకోనిక్ ఆమ్లంగా మారుస్తూ హైడ్రోజన్ పెరాక్సైడును కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. అయితే మన కణజాలంలో ఉండే కాటలేజ్ అనే మరో ఎంజైము ఆ పెరాక్సైడును విరగ్గొట్టేస్తుంది. న్యూజిలాండ్ మనుకా తేనెకు ప్రత్యేక ఖ్యాతి రావడానికి కారణం ఇక్కడే ఉంది: అందులో క్రిములను అణచే మిథైల్ గ్లైయాక్సాల్ అనే పదార్థం కాటలేజ్‌కు లొంగదు.

చికిత్సకు వాడేది వంటింటి సీసాలోని తేనె కాదు. మామూలు తేనెలో క్లాస్ట్రిడియం బోట్యులినం అనే ప్రమాదకర బాక్టీరియా బీజాలు ఉండవచ్చు కాబట్టి, వైద్య అవసరాలకు ఉద్దేశించిన తేనెను సాధారణంగా గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. వేడిచేస్తే ఎంజైము చెడిపోతుంది. తేనెటీగలు చెట్ల బంకతో తయారుచేసే ప్రొపోలిస్‌కూ క్రిములను అణచే శక్తి ఉంది గానీ, కొందరి చర్మానికి అది పడదు. ఇక తేనెటీగలు రాణి ఈగకు ఆహారంగా పెట్టే రాయల్ జెల్లీ పేరుకు తగ్గ గొప్పతనం చూపలేదు. మధుమేహ పాదపు పుండ్లపై 5 శాతం మోతాదులో పరీక్షించినప్పుడు ఉత్తుత్తి మందు కన్నా మెరుగని తేలలేదు.

ప్రయోగశాలలో ఇంత చురుకైన తేనె ఈ పుండ్ల దగ్గర ఎందుకు తడబడుతుంది? నా దృష్టిలో జవాబు పాదంలోనే ఉంది. మధుమేహం నరాలను దెబ్బతీసి పాదాన్ని మొద్దుబారుస్తుంది. పాదానికి ఆనించి వంగేదాకా నొక్కితే 10 గ్రాముల ఒత్తిడి కలిగించే నైలాన్ పోగు స్పర్శ కూడా తెలియని రోగి, అదే పుండు మీద రోజంతా నడుస్తాడు. రక్తనాళాలు సన్నబడితే ప్రాణవాయువూ అందదు. క్రిములు ఈ గొలుసులో ఒక్క లంకె మాత్రమే. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్ష పైపైన కాలిన గాయాలు తేనెతో త్వరగా మానుతాయని ఒప్పుకుంది గానీ, మధుమేహ పుండ్ల విషయంలో నమ్మదగిన ఆధారం కనుగొనలేదు. మధుమేహ పాదంపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో మరో అడుగు ముందుకు వేసి, ఈ పుండ్లను మాన్పడానికి తేనెను గానీ తేనెటీగల ఇతర ఉత్పత్తులను గానీ వాడవద్దనే సూచించింది.

వారు ముందు చేయమనేది పాదం మీద భారం తగ్గించడం, చచ్చిన కణజాలాన్ని తొలగించడం, రక్తప్రసరణను పరీక్షించి సరిచేయడం. అరికాలి పుండుకు మోకాలి దాకా వచ్చే, రోగి తనంతట తాను విప్పుకోలేని కట్టునే వారు ముందుగా ఎంచుకుంటారు. విప్పే వీలుంటే, నొప్పి తెలియని మనిషి దాన్ని పక్కనబెట్టి నడిచేస్తాడు.