పబ్లిక్ హియరింగ్‌లో ఊరంతా వద్దంటే ఫ్యాక్టరీ ఆగుతుందా?

గనులకు, పరిశ్రమలకు పర్యావరణ ప్రభావ నివేదికలు తయారు చేయడం నా ఉద్యోగం. కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ (పబ్లిక్ హియరింగ్) రోజున షామియానా కింద నా కుర్చీ కంపెనీ వైపే ఉంటుంది. జనం తమ అవకాశాన్ని ఎక్కడ చేజార్చుకుంటున్నారో ఆ కుర్చీలోంచి బాగా కనిపిస్తుంది.

అపోహ: ఎక్కువ మంది వద్దంటే పర్యావరణ అనుమతి రాదు.

ఇది ఓటింగు కాదు. పర్యావరణ అనుమతులపై 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఆ సభలో ఏదీ తేల్చరు. కాలుష్య నియంత్రణ మండలి సభ ఏర్పాటు చేస్తుంది. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహిస్తారు. అంతా వీడియో తీసి, ఎవరేమన్నారో మినిట్స్‌గా రాసి పైకి పంపుతారు. నిపుణుల కమిటీ సిఫార్సు చూసి కేంద్ర మంత్రిత్వ శాఖో, రాష్ట్ర స్థాయి సంస్థో నిర్ణయిస్తుంది. ఇంతమంది రావాలన్న కోరం కూడా లేదు, పదిమందే వచ్చినా సభ చెల్లుతుంది. 'బహిష్కరించాం' అని ఊరంతా ఇంట్లో కూర్చుంటే నష్టం ఊరికే.

అపోహ: అయితే అంతా నాటకమే, పోయి ఏం లాభం?

కోపం అర్థమవుతుంది, అందులో కొంత నిజమూ ఉంది. కానీ సభకు మేం తెచ్చేది ముసాయిదా నివేదికే. అక్కడ వచ్చిన పర్యావరణ అభ్యంతరాలకు సమాధానం చేర్చాకే తుది నివేదిక పైకి వెళ్లాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. 'స్థానికులకు ఉద్యోగాలివ్వాలి' అంటే 'అర్హతను బట్టి ప్రాధాన్యం ఇస్తాం' అని రాసేస్తాం. ఆ వాక్యం మా కంప్యూటర్లలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 'కాలుష్యం వద్దు' అన్నా అంతే.

ఒక క్వారీ హియరింగ్‌లో ఇద్దరు నాయకులు చెరో అరగంట ఉపన్యాసం దంచారు. మినిట్స్‌లో చెరో రెండు లైన్లు పడ్డాయి. తర్వాత ఒక రైతు జేబులోంచి కాగితం తీశాడు. "మీ నీటి లెక్కల్లో మా వైపు బోరు ఒక్కటీ లేదు సార్. నావే రెండున్నాయి, ఇవిగో సర్వే నంబర్లు. బ్లాస్టింగు మొదలయ్యాక నీళ్లు పోతే ఎవరిస్తారు?" అని అడిగి, ఆ కాగితాన్నే అధికారి చేతికిచ్చాడు. నిజమే, మా వాళ్లు ఆ వైపు వెళ్లనే లేదు. మళ్లీ మనుషుల్ని పంపి బోర్లు కొలిపించాం, నివేదికలో కొత్త పేజీలు చేర్చాం. ఆ వారమంతా మా మేనేజరుకు ఒకటే టెన్షన్.

అపోహ: నివేదికంతా ఇంగ్లీషే, మనకేం తెలుస్తుంది?

సంక్షిప్త నివేదిక తెలుగులోనూ ఉండి తీరాలి. కలెక్టరేట్, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం, పంచాయతీ లేదా మున్సిపల్ ఆఫీసుల్లో చూడొచ్చు. మా తెలుగు అనువాదాలు కొన్నిసార్లు ఇంగ్లీషు కంటే కష్టంగా ఉంటాయి, ఒప్పుకుంటాను. అయినా అంకెలు అంకెలే కదా. రోజుకు ఎన్ని టిప్పర్లు, ఎన్ని నీళ్లు, ఊరికి ఎంత దూరం అనేవి చూసుకుంటే సగం పని అయినట్టే.

సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో నోటీసు రావాలి. 2020లో కేంద్రం తెచ్చిన కొత్త నోటిఫికేషన్ ముసాయిదా ఈ గడువును 20 రోజులకు కుదించాలని ప్రతిపాదించింది. నా లెక్కలో 30 కూడా తక్కువే. ఊళ్లో ఆ నోటీసు ఎవరి కంటనైనా పడేసరికే సగం రోజులు గడిచిపోతాయి.

అపోహ: సభకు రాలేని వాళ్లు చెప్పడానికి లేదు.

ప్రాజెక్టుతో సంబంధం ఉన్నవాళ్లు రాతపూర్వకంగా పంపొచ్చు. హైదరాబాదులో ఉన్నా, దుబాయిలో ఉన్నా ఊళ్లో పొలం ఉంటే రాయండి. ఎలా పంపాలో నోటీసులోనే ఉంటుంది.

అపోహ: మనం మాట్లాడేశాక పని అయిపోయినట్టే.

చివర్లో అభ్యంతరాలన్నీ తెలుగులో చదివి వినిపించాలి, ఆ తర్వాతే మినిట్స్ మీద సంతకం. కానీ అప్పటికి షామియానా కింద మిగిలేది మేమూ, మైకువాడూ. జనం భోజనాలకు వెళ్లిపోయి ఉంటారు. మీ మాట చదివే దాకా కదలకండి. చదవకపోతే అక్కడే లేచి అడగండి, కెమెరా ఇంకా నడుస్తూనే ఉంటుంది.