బంపర్ వెల్డింగ్: కొత్తగా నేర్చుకునేవాళ్ల అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని జయపురంలో మా వెల్డింగ్ షెడ్డు 26వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంటుంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి వచ్చే లారీల్లో బంపర్ వంగిందనో, బ్రాకెట్ ఊడిందనో ఏదో ఒకటి మా దగ్గర ఆగుతూనే ఉంటుంది. పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు కూడా ముందు బంపరే అడుగుతారు: "అన్నా, మా బండికి నేనే చేసుకుంటా, చూపించు." సంతోషంగా చూపిస్తాను. కానీ వాళ్లు నమ్ముకుని వచ్చే కొన్ని మాటలు ముందు వదిలించాలి.

అపోహ: కుట్టు (వెల్డింగ్ రాడ్డు కరిగి పడిన లోహపు వరస) అందంగా వస్తే అతుకు గట్టిదే.

వాస్తవం: నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ నమ్మకమే. కిందటి వానాకాలం ఒక డ్రైవరు ఊడిన బంపర్‌ను తాడుతో కట్టుకుని వచ్చాడు. పైన కుట్టు చేప పొలుసుల్లా వరసగా, చూడముచ్చటగా ఉంది. విరిగిన చోట తిప్పి చూస్తే ప్లేటు అంచు మీద గ్రైండర్ గీతలు ఇంకా అలాగే కనిపిస్తున్నాయి. అంటే ఆ అంచు అసలు కరగనే లేదు, రాడ్డు లోహం మూతలా పైన కూర్చుంది. లోపల స్లాగ్, అంటే రాడ్డు పూత కరిగి మిగిలే మడ్డి, నల్లగాజు పెంకులా ఇరుక్కుని ఉంది.

6 మి.మీ. ప్లేట్లను అంచుకు అంచు కలిపేటప్పుడు రెండు అంచులనూ చెరో 30 డిగ్రీలు వాలుగా గ్రైండ్ చేయాలి. మధ్యలో 2 మి.మీ. సందు వదిలి, మొదటి కుట్టు అడుగుదాకా దించాలి. స్లాగ్ మొత్తం కొట్టేసి, వైర్ బ్రష్‌తో తోమాకే రెండో కుట్టు వేయాలి.

మా దగ్గర నేర్చుకునేవాళ్లు రెండు ముక్కలను 'టీ' ఆకారంలో నిలబెట్టి ఒకవైపే వెల్డ్ చేస్తారు. దాన్ని వైస్‌లో బిగించి, నిలువు ముక్కను కుట్టు వైపుకే వంగేలా సుత్తితో కొడతాం. అతుకు విరిగితే లోపల ఏముందో కళ్లారా చూస్తారు. ముక్కలు వంగినా అతుకు విడిపోని రోజు వచ్చేదాకా బంపర్ ముట్టుకోనివ్వను.

అపోహ: కరెంటు పెంచితే అతుకు లోతుగా దిగుతుంది, అంతే చాలు.

వాస్తవం: దిగుతుంది, కానీ కుట్టు పక్కనే ప్లేటు తినేసి గాడి పడుతుంది. పగులు ఆ గాడి దగ్గరే మొదలవుతుంది. 3.15 మి.మీ. మందం, 6013 రకం రాడ్డుకు 110 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టి, కొద్దికొద్దిగా మార్చుకోండి. రాడ్డు మొన ప్లేటుకు దగ్గరగా ఉండాలి, రాడ్డు మందాన్ని మించి ఎత్తొద్దు. వానల్లో చెమ్మ పట్టిన రాడ్డు వాడితే కుట్టులో బొక్కలు పడతాయి.

అపోహ: జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) పైపు పొగకు పాలు తాగితే విరుగుడు.

వాస్తవం: పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, పాలు పోయేది కడుపులోకి. జింకు పూత కాలిన పొగ పీలిస్తే కొన్ని గంటలకు చలి జ్వరం వస్తుంది. వెల్డ్ చేసే చోట పూత గ్రైండ్ చేసి తీసేయండి, గాలి ఆడే చోట కూర్చోండి. అసలు బంపర్‌కు జీఐ ఎందుకు, పూత లేని మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ఛానల్ తీసుకోండి.

అపోహ: ట్యాక్ (ముక్కలు కదలకుండా ముందు వేసే చిన్న చుక్క వెల్డు) వేయడానికి నల్ల కళ్లద్దాలు చాలు.

వాస్తవం: చాలవు. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది. 10 లేదా 11 నంబరు గ్లాసున్న షీల్డ్ పెట్టుకోవాల్సిందే, ఒక్క ట్యాక్ అయినా సరే.

అపోహ: బంపర్ ఎంత బరువుగా, ఎంత ముందుకు ఉంటే బండికి అంత రక్షణ.

వాస్తవం: అలాంటి బంపర్ గుద్దుకున్నప్పుడు దెబ్బను నేరుగా బండి కింది ఇనుప చట్రమైన చాసిస్‌కు పంపుతుంది, ఎదుటివాడికి ప్రాణం మీదికి తెస్తుంది. అనధికారంగా బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. కంపెనీ బంపర్ కొలత దాటి ముందుకు పొడుచుకొచ్చేలా ఎవరు అడిగినా నేను చేయను.

అపోహ: చాసిస్‌కే వెల్డ్ చేసేస్తే ఇక ఊడదు.

వాస్తవం: బంపర్ ఊడకపోవచ్చు, కుట్టు పక్కన వేడి తగిలిన చోట చాసిస్ పగులుతుంది. బ్రాకెట్‌ను కంపెనీ ఇచ్చిన రంధ్రాలకే 8.8 గ్రేడు బోల్టులతో బిగించండి. వెల్డింగంతా బండి మీంచి దించాకే చేయండి. కొలత కోసం బండి మీద ట్యాక్ వేయక తప్పకపోతే ముందు బ్యాటరీ టెర్మినల్స్ తీసేయండి, నెగటివ్ మొదట. మెషీన్ నుంచి వచ్చే రెండో తీగ చివరి ఎర్త్ క్లాంప్‌ను ట్యాక్ వేసే ముక్కకే, పెయింటు గీకిన చోట పెట్టండి. దూరంగా ఎక్కడో పెడితే కరెంటు బేరింగుల గుండా, వైరింగ్ గుండా దారి వెతుక్కుంటుంది.