సీటు కింద సబ్‌వూఫర్: చిన్న కారుకి చిన్న పెట్టె ఎందుకు చాలు

"బేస్ సరిపోవట్లేదు" అని కార్ డెకార్స్ షాపులో అడిగితే చాలాసార్లు ముందు చూపించేది డిక్కీలో పెట్టే 12 అంగుళాల స్పీకరున్న పెట్టెనే. ఊరి నుంచి విజయనగరానికి బియ్యం బస్తా, పలాస నుంచి జీడిపప్పు డబ్బాలు వేసుకొచ్చే కుటుంబానికి డిక్కీ వదులుకోవడం కుదిరే పని కాదు. అలాంటివాళ్లకి సీటు కింద ఇమిడిపోయే సబ్‌వూఫరే (పాటలోని లోతైన శబ్దాన్ని, అంటే బేస్‌ని, మోగించే స్పీకరు పెట్టె) సరైనదని నా అభిప్రాయం. ఎత్తు ఏడెనిమిది సెంటీమీటర్లు, యాంప్లిఫయర్ లోపలే ఉంటుంది. గతిలేక సర్దుకుపోవడం కాదిది. భౌతికశాస్త్రం ఇక్కడ చిన్న కారు పక్షానే ఉంది.

ముందు డోర్ స్పీకర్ల ఇబ్బంది చూద్దాం. బేస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 41 కంపనాలతో మోగుతుంది. బయలులో 80 హెర్ట్జ్ దగ్గర వచ్చినంత శబ్దమే 40 దగ్గరా రావాలంటే స్పీకరు నాలుగు రెట్ల గాలిని తోయాలి. డోర్‌లోని ఆరంగుళాల కోనుకి (స్పీకరులో ఊగుతూ గాలిని తోసే భాగం) అంత ఊపు లేదు. పైగా డోరు రేకు పల్చన, అందులో బోలెడు రంధ్రాలు. కోను ముందు పుట్టిన ఒత్తిడిని వెనక పుట్టిన లోటు తినేస్తుంది. చెవి కూడా సాయం చెయ్యదు. నెమ్మదిగా వినేటప్పుడు బేస్ విషయంలో మన చెవి ఎంత మొద్దో 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు కొలిచి చూపించారు. వాల్యూమ్ తగ్గించగానే పాటలో ముందు మాయమయ్యేది ఆ అడుగు బరువే.

ఇప్పుడు అద్దాలు ఎత్తిన చిన్న కారు లోపలికి రండి. మన ఎండల్లో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. అంటే 40 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 9 మీటర్లు. కారు లోపలి పొడవు రెండున్నర మీటర్ల లెక్కన చూస్తే, 70 హెర్ట్జ్ కిందికి దిగాక అందులో అల సగం కూడా పట్టదు. అప్పుడు కోను చేసేది అలలు పంపడం కాదు, లోపలి గాలినంతా ఒక్కసారిగా నొక్కి వదలడం. ఈ నొక్కుడికి ఫ్రీక్వెన్సీతో పనిలేదు, ఎంత గాలి తోశామన్నదే లెక్క. బయట పడాల్సిన ఆ నాలుగు రెట్ల శ్రమ ఇక్కడ మాఫీ.

అంకెలు వేసి చూడండి. 8 అంగుళాల కోను 5 మిల్లీమీటర్లు ముందుకొస్తే తోసేది సుమారు 100 మిల్లీలీటర్లు, టీ గ్లాసెడు గాలి. కారు లోపల గాలి మూడు వేల లీటర్లు అనుకుందాం. పెరిగే ఒత్తిడి 5 పాస్కల్స్, వాతావరణ పీడనంలో ఇరవై వేలో వంతు. ఆ కాస్త ఊపే శబ్దంగా 100 డెసిబెల్స్ దాటుతుంది! డోరు రబ్బర్ల సందులు, ఊగే పైకప్పు రేకు ఇందులో కొంత మింగేస్తాయి, నిజమే. నమ్మకం కుదరకపోతే పాట నడుస్తుండగా ఒక అద్దం దించండి. గొంతు, వయొలిన్ దాదాపు అలాగే ఉంటాయి, బేస్ మాత్రం పల్చబడిపోతుంది.

హద్దు కూడా చెప్పాలి. అమెరికా స్పీకర్ల కంపెనీ కేఎల్‌హెచ్ పేరులోని 'హెచ్', జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్, ఒక నియమం చెప్పాడు. చిన్న పెట్టె, లోతైన బేస్, కొద్ది కరెంటుకే పెద్ద శబ్దం: ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. సీటు కింద పెట్టె చిన్నది కాబట్టి వాట్లు ఎక్కువ పోయాలి. అట్టపెట్టె మీద కనిపించే గరిష్ఠ వాట్లు పట్టించుకోకండి, ఆర్‌ఎంఎస్ అంకె (ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు) చూడండి. రణస్థలం దాటి హైవే మీద వేగం అందుకున్నాక టైర్ల రొద కూడా అడుగు స్థాయిలోనే ఉండి బేస్‌ని కప్పేస్తుంది. అన్నట్టు, ఉత్తరాంధ్ర జానపద కళ తప్పెటగుళ్ల రికార్డింగుతో దీన్ని పరీక్షించొద్దు. ఆ రేకు తప్పెటల చురుకంతా పై స్థాయిల్లోనే.

స్టీరియో సెట్టింగుల్లో క్రాసోవర్ అనే చోట 80 హెర్ట్జ్ దగ్గర గీత గీయండి. పైది డోర్లకి, కిందది సబ్‌వూఫర్‌కి. మోయలేని బరువు తప్పడంతో డోర్ స్పీకర్లలో గొంతు తేటపడుతుంది. అంత పొడవైన అల ఎటునుంచి వస్తోందో మన రెండు చెవులూ పోల్చుకోలేవు, అందుకే సీటు కింది దెబ్బ డాష్‌బోర్డు వైపు నుంచి వచ్చినట్టే ఉంటుంది. కోను ముందుకీ వెనక్కీ ఊగే వరసని తిరగేసే ఫేజ్ స్విచ్‌ని 0 లోనూ 180 లోనూ పెట్టి, డ్రైవర్ సీట్లో కూర్చుని వినండి. బేస్ నిండుగా ఉన్నదే సరైనది. గెయిన్ (యాంప్లిఫయర్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే మీట) పెంచుతూ పోతే శబ్దం చిట్లుతుంది, అక్కడికి చాలా ముందే ఆగాలి.

బిగింపు సంగతి. సీటుని పూర్తిగా ముందుకీ వెనక్కీ జరిపి, అన్ని చోట్లా కింద ఎత్తు కొలవండి. వెనక సీట్లకి వెళ్లే ఏసీ గొట్టం, పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ కనెక్టరు అక్కడే ఉండొచ్చు. సీటు విప్పాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేసి కాసేపు ఆగండి. పాజిటివ్ వైరు నేరుగా బ్యాటరీ నుంచే రావాలి, ఫ్యూజ్ బ్యాటరీకి 18 అంగుళాలలోపే ఉండాలి. ఆ ఫ్యూజ్ కాపాడేది సబ్‌వూఫర్‌ని కాదు, వైరుని. మధ్యలో ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా మంటలు రాకుండా ఆపేది అదే. కరెంటు వైరు ఒక పక్క నుంచి, సిగ్నల్ వైరు రెండో పక్క నుంచి లాగితే ఇంజను కూత స్పీకర్లలోకి వచ్చే అవకాశం తగ్గుతుంది. ఎర్త్ కోసం సీటు బోల్టు వాడొద్దు. బాడీ మీద పెయింటు గీకి, మెరిసే ఇనుముకి బిగించండి. భోగాపురం, కళింగపట్నం లాంటి తీర ప్రాంతాల ఉప్పుగాలికి ఆ గీకిన చోటు తొందరగా తుప్పు పడుతుంది కనుక బిగించాక గ్రీజు పూయండి, వానాకాలం వెళ్లాక ఒకసారి విప్పి చూడండి.