“నువ్వెవరి దగ్గరుంటావ్?” అని అడగని మనిషి

అమ్మానాన్నలు విడిపోతుంటే చుట్టూ ఉన్నవాళ్లంతా పిల్లల్ని అడిగేది ఒకటే: “నువ్వెవరి దగ్గరుంటావ్?” పసివాళ్లను అంతకంటే నలిపేసే మాట ఇంకోటి లేదు. ఆ మాట అడక్కుండానే వాళ్ల మనసు వినే పని అమెరికాలో చైల్డ్ స్పెషలిస్టులు చేస్తున్నారు.

కాలిఫోర్నియాలో 1970 నుంచి ఎవరి తప్పూ రుజువు చేయకుండానే విడాకులు తీసుకునే వీలొచ్చింది. మరుసటి ఏడాదే సైకాలజిస్టు జుడిత్ వాలర్‌స్టీన్ మారిన్ కౌంటీలో 60 కుటుంబాలకు చెందిన 131 మంది పిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టారు. విడిపోని కుటుంబాలతో పోల్చి చూడలేదన్న విమర్శ ఆమె అధ్యయనంపై ఉంది, అది న్యాయమైనదే. కానీ ‘పిల్లలు కొన్నాళ్లకు వాళ్లే సర్దుకుంటారులే’ అన్న పెద్దల ధీమా అక్కడే సడలింది.

తప్పు రుజువు చేసే బాధ తప్పినా పిల్లలు ఎవరి దగ్గరుండాలన్న కస్టడీ తగాదా మాత్రం కోర్టులోనే ఉండిపోయింది. నిపుణుడు పిల్లలతో మాట్లాడి రిపోర్టు రాస్తే, లాయర్లు దాన్ని పట్టుకునే వాదించుకునేవారు. బిడ్డ నోరు విప్పి చెప్పుకున్నది అమ్మ మీదో నాన్న మీదో ఆయుధమయ్యేది.

1990లో మినియాపొలిస్ లాయరు స్టూవర్ట్ వెబ్ ఈ పోరు ఇక వద్దనుకున్నారు. రాజీ కోసమే పనిచేస్తాననీ, వ్యవహారం కోర్టుకెక్కితే తప్పుకుంటాననీ ప్రకటించారు. కోర్టులో పోరాడకుండా మాట్లాడుకుని విడిపోయే కొలాబరేటివ్ డివోర్స్‌కు అదే మొదలు. అప్పటికది లాయర్ల ఏర్పాటే. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో సైకాలజిస్టు పెగ్గీ థాంప్సన్, ఆమె సహచరులు దీన్ని ఒక బృందం చేసే పనిగా మార్చాక పిల్లల కోసమూ ఒక మనిషి వచ్చారు.

ఆ మనిషే చైల్డ్ స్పెషలిస్ట్. అమ్మానాన్నలిద్దరికీ ఉమ్మడి. తీర్పు చెప్పరు, వైద్యం చేయరు. చిన్న గది, కాగితాలు, క్రేయాన్లు. పిల్లాడు రెండు ఇళ్లు గీస్తాడు. సైకిల్ ఏ ఇంట్లో ఉంటుంది? స్కూల్ ఫంక్షన్‌కి ఇద్దరూ వస్తే పోట్లాడుకుంటారా? వాడి టెన్షన్లు ఇలాంటివే. చివర్లో స్పెషలిస్ట్ అడుగుతారు: “ఇందులో ఏది అమ్మకీ నాన్నకీ చెప్పమంటావ్? ఏది వద్దు?” నాకు ఈ విధానంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ ప్రశ్నే. వాడు సరేనన్నదే పెద్దల ముందుకు వెళ్తుంది. వాడికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం దాచరు.

ఖర్చు ఎక్కువ. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఈ దారి సురక్షితం కాకపోవచ్చు.

మన దగ్గర 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే, ఆలోచించి చెప్పగల వయసున్న బిడ్డ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చంది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలో కౌన్సెలర్ల ఏర్పాటూ ఉంది. కాకపోతే వాళ్ల ముందుకు పిల్లలు వచ్చేసరికే కోర్టులో కేసు నడుస్తూ ఉంటుంది.